బిడ్డను చంకనెత్తుకుని నడిచిన పొలిమేర

మా అత్త విశ్వాసమ్మ గురించి మా ఊళ్లో చాలా ఏళ్లు రెండు మాటలు చెప్పుకున్నారు. ఊరివాళ్లను అడిగితే, తప్పు నడక నడిచి ఊరి పొలాలు పోగొట్టిన మనిషి అనేవాళ్లు. మా క్రైస్తవుల గుడివాళ్లను అడిగితే, వద్దన్నా వినకుండా ఒట్టు పెట్టుకుని కన్నబిడ్డను పోగొట్టుకున్న మనిషి అనేవాళ్లు. ఆ రెండు నోళ్లకూ తాళం వేయడం నా వల్ల కాలేదు. నేను ఆమె కొడుకు ఏసురాజు భార్యను, రత్నమణిని. ఆమె కెలికిన సంగటి తిన్నాను, ఆమె తిట్లూ తిన్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే ఓర్చుకోండి, నా నోరు అంత మంచిది కాదు.

మా ఊరు తెల్లబండపల్లె. బేతంచెర్ల రైలు స్టేషనుకు ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం. ఊరికి తూర్పున వంక ఉంది. వంకకు ఇవతల సర్కారు సీమ, అవతల కోనాపురం సంస్థానం. కోనాపురం పెద్ద రాజ్యమేమీ కాదు. మంచి గుర్రం ఉంటే పొద్దున బయలుదేరి సాయంత్రానికి చుట్టి రావచ్చు. అయినా దాని జెండా దానికి ఉండేది, దాని జవాన్లు దానికి ఉండేవాళ్లు, దాని జైలు దానికి ఉండేది. అటు పోవాలంటే సుంకం గేటు దగ్గర ఆగి, ఎవరివి, ఎక్కడికి, మూటలో ఏముంది అని అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. మిషను ఆసుపత్రికి దగ్గరి దారి ఆ గేటు మీదుగానే పోయేది.

పాళెగాళ్ల కాలంలో కోనాపురం దొర ముత్తాత గుర్రాలు తోలుకొచ్చి, ఇళ్లకు నిప్పుపెట్టి ఊళ్లు కలుపుకున్నాడట. ఇంగ్లీషువాళ్లు వచ్చాక కత్తులు అటకెక్కాయి కానీ ఆకలి అటకెక్కలేదు. నేను చెబుతున్న కాలపు దొర పద్ధతి వేరు. ముందు మీ చేని గట్టు మీద సున్నం పూసిన రాయి ఒకటి కనిపిస్తుంది. ఎవరు పాతారో తెలియదు. తర్వాత మీ గొడ్లు ఆ రాయి దాటాయని జవాన్లు బందెలదొడ్డికి తోలుకుపోతారు. విడిపించుకోవడానికి తిరిగి తిరిగి మీ చెప్పులు అరిగిపోతాయి. ఆ తర్వాత దివాను మనిషి నవ్వుతూ వచ్చి, ఈ తలనొప్పి నీకెందుకు, అమ్మేయ్ అంటాడు. అమ్మకం అంటే అమ్మకమే. మీ వేలిముద్రతోనే, మీ ఇష్టపూర్తిగానే. అయ్యన్నపల్లె అట్లాగే పోయింది. ఆ ఊరి పేరిటి అయ్యన్న మునిమనవడు తన చేలోనే కూలికి పోయేవాడు.

మా ఇంటి పక్కన దూదేకుల బుడేన్ సాహెబ్ ఉండేవాడు. దూది ఏకుతూనే అన్ని సీమల కబుర్లూ ఏకేవాడు. "ముత్తాత గుర్రాలతో మింగినాడు, ఈయప్ప కాగితాలతో మింగుతాండాడు. కడుపు మాత్రం ఒగటే" అనేవాడు.

ఆ కడుపు మా వైపు తిరగడానికి కారణం నేలలో ఉంది. మా తూర్పు పొలాల్లో మూరెడు లోతు తవ్వితే నాపరాయి తగులుతుంది. పలకలు పలకలుగా, ఇంటి గచ్చుకు పరిచినట్టే ఉంటుంది. మా తాతల కాలంలో అది శాపం. నాగలి విరిగేది, వేరు దిగేది కాదు. రైలు వచ్చి, ఆ రాతికి మద్రాసు దాకా గిరాకీ వచ్చాక అదే శాపం దొరకు బంగారమైంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. క్రైస్తవులం కాకముందు మా ఇంటివాళ్లది ఊరి పొలిమేర నడిచే వంతు. రెండు ఊళ్లు హద్దు దగ్గర తగువు పడితే, మా ఇంటి పెద్ద తలస్నానం చేసి, తడిబట్ట కట్టుకుని, తగువుపడిన నేల మట్టిని గంపతో నెత్తికెత్తుకుని, ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డను చంకన పెట్టుకుని నడవాలి. ఎక్కడ నడిస్తే అదే పొలిమేర. వెనక వచ్చేవాళ్లు అడుగుజాడల్లో రాళ్లు పాతుకుంటూ వస్తారు. రాతి కింద బొగ్గులు పోస్తారు. రాయిని ఎవడైనా పీకినా బొగ్గు ఎన్నేళ్లకైనా చివికిపోదు కదా, అందుకు. నడిచినవాడు అబద్ధం నడిస్తే, రాబోయే జొన్నకోతల లోపల చంకలోని బిడ్డ దక్కదు. బిడ్డ దక్కితే ఆ హద్దు మీద మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు. సొంత బిడ్డను పెట్టుకుని ఎవడు అబద్ధం నడుస్తాడు అని పెద్దలు ఆలోచించారు. బాగానే ఆలోచించారు. పొలాలు ఊరందరివీ, బిడ్డ మాత్రం మా ఇంటిది.

మా అత్తకు మామ, దాసన్న తాత, పాలుతాగే వయసులో తన నాయన చంకలో ఆ నడక నడిచినవాడు. బతికాడు కాబట్టి పొలిమేర నిలిచింది. ధాత కరువులో గంజి పోసి ప్రాణం నిలబెట్టిన మిషనువాళ్ల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. కరువు తర్వాత సర్కారువాళ్లు వంక పక్కన బంజరు ఇస్తే, రాళ్లు ఏరి, గట్టు వేసి చేనుగా చేశాడు. మా ఇంటికి ఆ ఒక్క చేనే ఆధారం. ముసలితనంలో తాతకు చూపు పోయింది. కొడుకు ప్రేమయ్య రాతిపనికి బేతంచెర్ల పోయేవాడు. అందుకని తాత కొత్త కోడలి భుజం పట్టుకుని పొలిమేర వెంట నడిచి దారి చెప్పాడు. ఇక్కడ రెండు గుండ్లు, ఇక్కడ పాలకొడిసె చెట్టు, ఇక్కడ జిల్లేడు దిబ్బ, దిబ్బను కుడిచేతికి పెట్టుకుని పో అని. ఆమెకు ఆ దారి వంటింటి దారంత బాగా వచ్చింది. తాత పోయాడు. పెద్ద యుద్ధం వచ్చింది. మా మామ ప్రేమయ్య కూలీల పటాలంలో చేరి బస్రాకు ఓడెక్కాడు. ఎవరెవరివో దేశాలు ఎవరో కలుపుకోవడానికి మా మామ అక్కడ మూటలు మోసి, అక్కడే జ్వరంతో పోయాడు. ఆ సంగతి తెలిసేసరికి ఇక్కడ కృపమణి పుట్టింది.

ఆ ముందు ఏడు వంక పొంగి దారి మార్చుకుంది. పాత పొలిమేర రాళ్లు కొన్ని ఒండ్రు కింద పడ్డాయి, కొన్నింటిని కోనాపురంవాళ్లు పీకారు. సున్నం పూసిన రాళ్లు ఒక్కొక్కటే మా తూర్పు పొలాల్లోకి నడిచొచ్చాయి. మా ఊరి పెద్ద మహానందిరెడ్డి అప్పటికి ముప్పై ఏళ్లవాడు. పోయి తాసిల్దారు దగ్గర మొర పెట్టుకున్నాడు. ఆ తాసిల్దారు, కోనాపురం దొర వేటకు పోతే వెంట పోయే మనిషి. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటారు?

వంక ఒడ్డున పంచాయితీ పెట్టారు. దివాను గొడుగు కింద కూర్చుని చాలా తియ్యగా మాట్లాడాడు. "కోర్టులకు పోతే మనవళ్ల కాలానికి తేలుతుంది. మీకు ఒక ఆచారం ఉందట కదా. మీ ఊరి మనిషే నడవనివ్వండి. ఎక్కడ నడిస్తే దొరవారు దానికి కట్టుబడతారు. జొన్నకోతల దాకా మేము రాయి కూడా కదిలించం."

ఊరివాళ్లు పొంగిపోయారు. శత్రువు వచ్చి మన ఇంటి దేవుడి మీదే ప్రమాణం చేస్తానంటే ఎవరికి సంతోషం ఉండదు? బుడేన్ సాహెబ్ ఒక్కడే గొణిగాడట, పిల్లి వచ్చి ఎలుకకు కాపలా ఉంటానంటే ఎట్లా నమ్ముతారప్పా అని. ఎవరూ పట్టించుకోలేదు. దివాను లెక్క నాకు ఇప్పుడు తెలుస్తుంది. మా ఇల్లు క్రైస్తవుల ఇల్లు, ఒట్టు పెట్టుకోదు. నడవకపోతే ఓడినట్టే. ఒకవేళ నడిచినా, బొంబాయి నుంచి రైళ్ల మీద విషజ్వరాలు దిగుతున్నాయని అప్పటికే వినికిడి. తండ్రి లేని చంటిబిడ్డ. అతను చేయాల్సిందల్లా కాచుకోవడమే.

మగదిక్కు లేని ఇల్లు కాబట్టి నడక మా అత్త మీద పడింది. రెడ్డి మా పేటలోకి వచ్చి, గడప బయటే నిలబడి మాట్లాడాడు.

"నువ్వు నడవకపోతే ఊరు ఓడినట్టేనంట విశ్వాసమ్మా. నీ చేను గూడా అందులోనే ఉండాది. దారి నీకు తెల్సు గదా?"

"తెల్సు రెడ్డీ. మా మామ సూపించినాడు."

"మరి ఇంగేం భయం?"

"బిడ్డకేమన్నా అయితే?"

"నిజం నడిస్తే ఏమైతాది? కోతలయ్యేదాంక బిడ్డను ఊరంతా కండ్లల్లో పెట్టుకుంటాం. ఏం కావాల్నన్నా నన్నడుగు. ఇది నా మాట."

ఆ సాయంత్రమే గుడి అయ్యగారు వచ్చి, ఒట్టు పెట్టుకోవడం పాపమని, నడిస్తే గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వనని చెప్పి పోయాడు. ఆయన చెప్పింది తప్పని నేనను. కానీ చేను పోతే నీ పిల్లలకు ఇంత గింజలు నేనిస్తానని కూడా ఆయన అనలేదు. మా అత్త రాత్రంతా ఏడ్చి, పొద్దున లేచి తలస్నానం చేసింది. ఐదేళ్ల ఏసురాజు నిద్రలేచేసరికి వాళ్లమ్మ తడిచీర కట్టుకుని వాకిట్లో ఉంది.

ఆ రోజు రెండు సీమలూ వచ్చి నిలబడ్డాయి. ఇటు మా ఊరు, అటు కోనాపురం జవాన్లు. వానలు ముఖం చాటేసిన ఏడు. నేల పొద్దున్నే కాలింది. మట్టి గంప నెత్తిన, కృపమణి ఎడమ చంకన. రెండు గుండ్ల మధ్య నుంచి మొదలుపెట్టింది. పాలకొడిసె చెట్టు దాకా అడుగు తడబడలేదు. వెనక రాళ్లు పాతేవాళ్ల గడ్డపారల చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదట.

జిల్లేడు దిబ్బ దగ్గరికి వచ్చేసరికి బిడ్డ ఎండకు గుక్కపట్టి ఏడ్చి జారిపోబోయింది. ఆమె బిడ్డను ఎడమ చంకనుంచి కుడి చంకకు మార్చుకుంది. గంప ఒరిగి మట్టి కళ్లల్లో పడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఆగకూడదు. కొన్ని అడుగులు కళ్లు మూసుకునే వేసింది. తెరిచేసరికి దిబ్బ కుడిచేతికే ఉంది. కానీ ఎంత దగ్గరగా ఉండాలో అంత దగ్గరగా ఉందా, లేదా? తలతిప్పి చూడటానికి లేదు. నడిచింది. వంక మలుపు దాకా నడిచి గంప దించింది. ఊరు ఈలలు వేసింది. తూర్పు పొలాలన్నీ ఇవతలే పడ్డాయి. మా చేనూ ఇవతలే పడింది. జిల్లేడు దిబ్బ దగ్గర కళ్లు మూసుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

అక్కడి నుంచి కాపలా మొదలైంది. నిజంగానే ఊరు కృపమణిని కళ్లల్లో పెట్టుకుంది. రెడ్డి ఇంటినుంచి పాలు వచ్చేవి. మా పేట గడప ఎన్నడూ తొక్కని ఆడవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడి, పాప నవ్వుతోందా, పాలు తాగిందా అని అడిగి పోయేవాళ్లు. ఎవరి తాయెత్తు వాళ్లు తెచ్చారు. బుడేన్ సాహెబ్ భార్య నబీసా దర్గా ఊదు తెచ్చి నుదుట పెట్టింది. బిడ్డ మెడ తాళ్లతో నిండిపోయింది. బయటికి తీసుకుపోవద్దు, ఎండ తగులుతుంది అన్నారు. తలుపు తీయొద్దు, గాలి తగులుతుంది అన్నారు. ఆ బిడ్డను చూస్తూ అందరూ తమ చేలనే చూసుకునేవాళ్లు. నాకు ఇది చెబుతుంటేనే ఒళ్లు మండుతుంది.

కోనాపురం నుంచి కూడా ఒక మనిషి వచ్చేవాడు. మద్దిలేటి అని సుంకం గేటు జవాను. సంత రోజు తప్పకుండా వంక దాటి వచ్చి, మా పేట మొదట్లో నిలబడి, తలగుడ్డ సర్దుకుని ఒకటే అడిగేవాడు.

"ఏమ్మే, పాప బాగుండాదా?"

"బాగుండాది."

"సరే. అడిగి రమ్మన్నారు, అడిగినా." అంతే, పోయేవాడు. కోపంగా అడిగేవాడు కాదు, బెదిరించేవాడు కాదు. ఒకసారి తన పిల్లలకు కొన్న బెల్లం ముక్క కూడా బిడ్డ చేతిలో పెట్టబోయాడు. మా అత్త లాగేసి విసిరికొట్టింది. చివరిదాకా ఆమెకు అన్నిటికన్నా భయం ఆ మంచి మాటే. తలుపు అవతల ఎవరు పలికినా ఆమె ముందు బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేదట.

జొన్న కంకి పాలు పోసుకునే వేళకు జ్వరాలు మా దాకా వచ్చాయి. ఏ ఊళ్లో చూసినా పాడె. అయ్యన్నపల్లెలో మోసేవాళ్లు లేక బండ్ల మీద వేసుకుపోయారు. మా ఊళ్లో రెడ్డి తమ్ముడు పోయాడు, గుడి అయ్యగారి భార్య పోయింది. అవన్నీ జ్వరాలు. కంకి గట్టిపడుతుండగా కృపమణికి ఒళ్లు కాలింది.

మా అత్త బిడ్డను ఎత్తుకుని రెడ్డి ఇంటికి పరుగెత్తింది. మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ మందిస్తుందని, బతికినవాళ్లు ఉన్నారని విన్నది. నడిచి పోతే బిడ్డ తట్టుకోదు, బండి కావాలి. ఊళ్లో గూడుబండి రెడ్డిదొక్కటే.

రెడ్డి బయటికి వచ్చి బిడ్డను చూసి నల్లబడిపోయాడు. వెనకే ఊరి మగవాళ్లు నలుగురు చేరారు.

"బండి కట్టు రెడ్డీ. ఏం కావాల్నన్నా అడగమంటివి."

"కడతా. కట్టనన్లేదు. దారి యాడిది? కోనాపురం గేటు మీదనే పోవాల. మద్దిలేటి సూస్తాడు. బిడ్డకు ఒట్టు తగిలిందని మాపటికే దివానుకు తెలుస్తాది."

"తెలిస్తే తెల్సనీ అప్పా. బిడ్డ కాలిపోతాండాది."

"కోత ఎంత దూరం ఉండాది సెప్పు? రోంత ఓర్సుకో. తడిగుడ్డలెయ్యి. నిజం నడిసినావు గదా, బిడ్డకేం కాదు. నిజమే నడిసినావు గదా?"

అందరూ ఆమె ముఖం చూశారు. జిల్లేడు దిబ్బ ఆమె కళ్లలో మెదిలింది. నిజమే నడిచాను, బండి కట్టు అని గట్టిగా అనాల్సిన చోట ఆమె నోరు పడిపోయింది. అప్పుడు గట్టిగా అనగలిగి ఉంటే అని తర్వాత ఎన్నిసార్లు నాతో అన్నదో. తలవంచుకుని ఇంటికి వచ్చేసింది. ఆమె వెనకే ఇద్దరు వచ్చి పేట మొదట్లో కూర్చున్నారు. బిడ్డకు కాపలా అన్నారు. ఎవరికి కాపలానో మా పేటలో అందరికీ తెలుసు.

మర్నాడు బిడ్డ కళ్లు తేలేసింది. నబీసా దూది గంప ఎత్తుకుని మామూలుగా వచ్చినట్టు వచ్చింది.

"అక్కా, ఇంగ వీళ్లను నమ్మద్దు. మేము దూది అమ్మేదానికి ఎప్పుడూ ఆ గేటు మీదనే పోతాం. బిడ్డను గంపలో పండబెడదాం. పైన రోంత దూది కప్పుదాం. నువ్వు నా ఎనకాల మూట మోస్తా రా."

అట్లా బయలుదేరారు. ముందు నబీసా నెత్తిన గంప, వెనక మా అత్త నెత్తిన దూది మూట, ముఖం మీదికి ముసుగు. పేట మొదట్లో కూర్చున్నవాళ్లకు ఇద్దరు దూదేకుల ఆడవాళ్లు కనబడ్డారు. వంక దాటారు. గేటుకు ముందు చింతచెట్టు కింద గంప దించి చూసుకున్నారు. బిడ్డ ఊపిరి ఉంది. మళ్లీ ఎత్తుకున్నారు.

గేటు దగ్గర మద్దిలేటి లేచాడు. గంపలోకి తొంగిచూడలేదు. ముసుగులో ఉన్న మనిషిని కాళ్లు చూసి పోల్చుకున్నాడు. పొలిమేర నడిచిన రోజు ఆ కాళ్లనే కదా అందరూ చూసింది.

"పాప బాగుండాదా?" అన్నాడు, చాలా మెల్లగా.

"బాగుండాది. నిద్రపోతాండాది."

అతను కట్టె ఎత్తి దారి ఇచ్చాడు. కొంచెం దూరం పోయాక గంప దించారు. దూది తీసి చూస్తే కృపమణి పోయింది. గేటుకు ముందు పోయిందో, గేటు దాటాక పోయిందో తెలియదు. నబీసా గుండెలు బాదుకుని, ఆ తర్వాత కళ్లు తుడుచుకుని నిదానంగా చెప్పింది. ఇక్కడే పూడ్చేద్దాం అక్కా, కోతలయ్యేదాకా బిడ్డ నీ పుట్టింట్లో ఉందని చెబుదాం, పొలాలైనా దక్కుతాయి అని. తెలివైన మాటే. నేనైతే ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలియదు.

మా అత్త ఒప్పుకోలేదు. "దొంగసొమ్మా దాసిపెట్టను? నా బిడ్డ ఇది" అంది. మెడలోని తాయెత్తులన్నీ తెంపి పారేసింది. ముసుగు తీసేసి, బిడ్డను భుజాన వేసుకుని వచ్చిన దారినే తిరిగి వచ్చింది. గేటు దగ్గర మద్దిలేటి చూశాడు. తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. ఆ రోజు ఏమీ అడగలేదు.

తర్వాత జరిగింది పెద్ద కథేమీ కాదు. కోత కాకముందే దివాను మనుషులు వచ్చారు. వాళ్లు పీకాల్సిన పని లేకపోయింది. ఒట్టు అబద్ధమైందని, అబద్ధపు రాళ్లు ఉంచుకుంటే ఊరికి అరిష్టమని మావాళ్లే గడ్డపారలు పట్టుకుపోయి ఆ రాళ్లు పీకేశారు. ఇంటింటా జ్వరం శవాలు లేస్తున్న ఊరు, ఒక్క మా బిడ్డ మాత్రం ఒట్టు తగిలి చచ్చిందని నమ్మింది. ఇంతకన్నా గుడ్డితనం నేను చూడలేదు. జిల్లేడు దిబ్బ దగ్గరి రాయి ఒకటి ముళ్లపొదల మాటున ఉండి ఎవరికీ పట్టక మిగిలిపోయింది. పొలాలు కోనాపురం సీమలోకి పోయాయి. అయినా దొర ఊరికే లాక్కోలేదు. అందరినీ వరసగా కూర్చోబెట్టి అమ్మకం రాయించుకున్నాడు. ఇష్టపూర్తిగా అమ్మితిమి అని వేలిముద్రలు వేశారు. ఇచ్చిన దుడ్లు మరుసటి ఏటి తిండికే చాలలేదు. మా అత్త కూడా వేలు పెట్టింది. ఆ వేలిని ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ కూడా అప్పుడప్పుడు ఎత్తి చూసుకునేది.

జొన్న పండిన చోట రాతిగని పడింది. మావాళ్లంతా అందులోనే కూలీలయ్యారు. రెడ్డి మేస్త్రీ అయ్యాడు. నేను కాపురానికి వచ్చేనాటికి మా చేను పెద్ద గొయ్యి. పలకలు బండ్లెక్కి బేతంచెర్ల పోయేవి, అక్కడ రైలెక్కేవి. మా అత్త గనిలోకి ఎన్నడూ దిగలేదు. ఇంట్లోనే ఉండేది, గుడికి పోయేది కాదు. నడిచేటప్పుడు ఎప్పుడూ తన పాదాల వైపే చూస్తూ నడిచేది. ఏమిటత్తా అట్లా చూస్తావని ఒకసారి విసుక్కుంటే, జిల్లేడు దిబ్బ సంగతి అప్పుడు చెప్పింది. "ఈ కాలే రత్నా, నా బిడ్డను తినింది" అంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు. ఊళ్లో జెండా ఎగరేసి, ఇక సీమలు లేవు, దొరలు లేరు అని ఎవరో చెప్పిపోయారు. మర్నాడు మేము మామూలుగానే గనికి పోయాం. గొయ్యి తూర్పుకు జరిగి జరిగి జిల్లేడు దిబ్బ దాకా వచ్చింది. పైమట్టి తీసే పని ఆడవాళ్లది. పొదలు నరికితే ఒరిగిపోయిన రాయి కనిపించింది. అది మా అత్త అడుగుజాడలో పాతిన రాయి అని ముసలివాళ్లు పోల్చారు. పీకి పక్కకు దొర్లించాం. దాని కింద బొగ్గులు. ఇంకొంచెం తవ్వితే ఒండ్రు. ఒండ్రు కింద నా గడ్డపార మళ్లీ రాతికి ఖంగుమని తగిలింది. మట్టి తుడిచి చూస్తే నిలువుగా నాటిన పాతరాయి, దాని మీద సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉన్నాయి. దాని కింద కూడా బొగ్గులే. దాసన్న తాతను చంకన పెట్టుకుని వాళ్ల నాయన నడిచిన నాటి రాయి. కళ్లు మూసుకుని నడిచి మా అత్త సరిగ్గా దాని నడినెత్తిన అడుగు వేసింది.

నేను గంప పడేసి ఊళ్లోకి పరుగెత్తాను. "అత్తా, నువ్వు తప్పు నడవలేదు, రా, నువ్వే వచ్చి సూద్దువు రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నా సంతోషానికి అంతులేదు. ఆమెను తిట్టిన ప్రతి నోరూ ఆ గోతిలో ఉంది. అందరి ముందూ ఆమె తల ఎత్తుకుని నిలబడాలని నా ఆశ. గోతిలోకి దిగడానికి ఆమె మొదటిసారి కాళ్లు పెట్టింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ముసలి నబీసా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే ఈయమ్మ సక్కగానే నడిసింది" అని ఎవరో అన్నారు. ఇప్పుడంటారు.

ఆమె వంగి రాయిని తడిమింది. సూర్యుణ్ణి తడిమింది, చంద్రుణ్ణి తడిమింది. కింది నుంచి ఒక బొగ్గు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. నేను ఆమె ముఖంలో సంతోషం కోసం చూస్తున్నాను. అది రాలేదు. ఆమె తలెత్తి మహానందిరెడ్డి కోసం వెదికింది. తల నెరిసిన రెడ్డి కొలబద్ద పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"రెడ్డీ, ఇన్నేండ్లూ నేను తప్పు నడిసినందుకే బిడ్డ సచ్చిందనుకుంటి. నా కాలినే తిట్టుకుంటి. తప్పు నడవలేదంట గదా."

"లేదు విశ్వాసమ్మా. సక్కగానే నడిసినావు."

"అట్లయితే నా బిడ్డను సంపింది ఒట్టు గాదు." ఆమె గొంతు పెరగలేదు. "ఆ పొద్దు నువ్వు బండి కట్టింటే బతికేదేమో గదప్పా?"

రెడ్డి కొలబద్దను మట్టిలో పెట్టేశాడు. ఆనాడు అతని వాకిట్లో నిలబడినవాళ్లలో బతికున్నవాళ్లు కూడా ఆ గోతిలోనే ఉన్నారు. ఒక్కరు కూడా తలెత్తలేదు. మా అత్త బొగ్గును కొంగులో ముడి వేసుకుని గట్టెక్కింది. ఇంటి దారి పట్టలేదు. కృపమణిని పూడ్చిన మా సమాధుల తోట వైపు, పాదాలు చూసుకోకుండా నడిచింది. నేను ఆమె వెనకే పోయాను.